గేటు దగ్గర రెగ్ పెంగిల్లి

రెగ్ పెంగిల్లి కారులో వెనక సీటు మీద ఇంతవరకూ ఒక్క మనిషి కూర్చోలేదు. అరవై నాలుగు నాటి హోల్డెన్ అది, మా ఆస్ట్రేలియాలోనే తయారైన కారు. మీగడ రంగు ఒళ్ళు, ఆకుపచ్చ కప్పు. పెళ్ళికి ముందే కొన్నాడు. పెళ్ళినాడు జాయిస్‌ను చర్చి నుంచి ఇంటికి తెచ్చేటప్పుడు కూడా ముందు సీటు మీద తువ్వాలు పరిచి, దాని మీద కూర్చోబెట్టి తెచ్చాడని మా ఊళ్ళో చెప్పుకుంటారు. నిజమేనా అని ఒకసారి జాయిస్‌నే అడిగాను.

"అంతా అబద్ధం, డాట్" అంది. డాట్ అంటే నేనే. "తువ్వాలు కాదు, దుప్పటి."

రెగ్ ఉద్యోగమంతా మా పోర్ట్ విలాన్ ధాన్యం గోదాముల్లోనే గడిచింది. గోధుమలు ఓడలోకి మోసుకెళ్ళే పెద్ద బెల్టులు ఆగిపోతే బాగుచేసే పని. ఒళ్ళంతా దుమ్ముతో ఇంటికొచ్చి, స్నానం చేసి, శుభ్రమైన చొక్కా వేసుకుని, అప్పుడు గరాజులోకి వెళ్ళి కారు తుడిచేవాడు. భోజనానికి మాత్రం ఆ చొక్కా విప్పేసి వచ్చేవాడట. చెడ్డవాడు కాదు. పక్కింట్లో గడ్డి పెరిగితే అడక్కుండానే కోసి వస్తాడు. మా ఆయన పోయినప్పుడు మా ఇంటి నీళ్ళ ట్యాంకు మోటారు బాగుచేసి, టీ కూడా తాగకుండా వెళ్ళాడు. ఎటొచ్చీ ఆ కారు పక్కన నిలబడితే మాత్రం మనిషి మారిపోతాడు. పసిపిల్ల పక్కన కాపలా కుక్కలాగా అయిపోతాడు.

మా పాతకార్ల క్లబ్బు ప్రదర్శన రోజున వాళ్ళు రావడమే చూడ్డానికి బాగుంటుంది. ముందు రెగ్ హోల్డెన్‌లో ఒక్కడే, నత్తలాగా. వెనకాల జాయిస్ తన తెల్ల టొయోటా కరోలాలో. ఆ కరోలా నిండా మడత కుర్చీలు, ఎండకు గొడుగు, ఐసు పెట్టె, పాలిష్ డబ్బాలు, గుడ్డలు, మా ఇద్దరం తెల్లవారుజామున కాల్చిన పేస్టీలు. పిండిలో మాంసం, ఉల్లిపాయ, బంగాళాదుంప, ముల్లంగిలాంటి ఆ పసుపుపచ్చ దుంప పెట్టి అంచు ముడిచి కాల్చే ఈ పేస్టీలు లేకపోతే మా వైపు ప్రదర్శనలకు కార్లే రావు, మనుషుల సంగతి చెప్పక్కర్లేదు. రెగ్ ఆ వాసన తన కారులోకి రానివ్వడు. ఉల్లిపాయ వాసన సీట్లకు పడితే వదలదంటాడు. పెళ్ళికొడుకు గుర్రం మీద ముందు వెళ్తుంటే సామాన్ల బండి వెనక వచ్చినట్టు వచ్చేవాళ్ళు ఇద్దరూ.

హోల్డెన్ అద్దం మీద ఒక అట్ట ఉంటుంది. "చూడండి. తాకకండి." అని.

అసలు మా క్లబ్బు పుట్టిందే రెగ్ కోపంలోంచి. అప్పట్లో మా పక్క ఊరు బ్రాండర్‌లో పాతకార్ల క్లబ్బు ఒకటుండేది, ఇప్పటికీ ఉంది. ఇత్తడి దీపాలూ, చెక్క చక్రాలూ ఉన్న బళ్ళు వాళ్ళవి. హోల్డెన్‌కు ఇరవై ఏళ్ళు నిండిన ఏడాది రెగ్ దాన్ని కడిగి, తుడిచి, వాళ్ళ ప్రదర్శనకు తీసుకెళ్ళాడు. గేటు దగ్గర తోలు టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి ఆపి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది పాలు తెచ్చుకునే బండి కదయ్యా. అటు వంటవాళ్ళ కార్ల పక్కన పెట్టుకో" అన్నాడట. రెగ్ అక్కడికక్కడే వెనక్కి తిప్పి వచ్చేశాడు. ఆ నెలలోనే ఫుట్‌బాల్ మైదానం పక్కన పాత రేకుల షెడ్డు ఒకటి అడిగి తీసుకుని, నలుగుర్ని పోగేసి మా క్లబ్బు పెట్టాడు. కారుకు ముప్పై ఏళ్ళు నిండాలన్న నియమం తరవాత తనే రాశాడు. అప్పటికి తన కారుకు నిండాయి మరి.

కాలం గడిచింది. నలభైమంది ఉండే క్లబ్బు కాస్తా పధ్నాలుగుకు దిగింది. ఆ పధ్నాలుగులో ఇద్దరు బతికే ఉన్నారా లేదా అని ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోయారు. షెడ్డు ఊరి కౌన్సిల్‌ది. సభ్యులు వచ్చే ఏడాది సభనాటికి ఇరవైమంది లేకపోతే షెడ్డు తీసుకుంటామని, మీరు బ్రాండర్ క్లబ్బులో కలిసిపోతే బాగుంటుందని వాళ్ళు మెత్తగా చెప్పారు. ఆ మాట విన్నప్పుడు రెగ్ ముఖం చూడాల్సింది. కొరకరాని ఎముక గొంతులో పడ్డట్టయింది.

"చచ్చినా బ్రాండర్ గేట్లోంచి నా కారు లోపలికి పోదు" అన్నాడు.

"చచ్చాక ఎలాగూ నువ్వు తోలవు కదా" అన్నాడు మా అధ్యక్షుడు మాల్కం హాకింగ్. కసాయి కొట్టు నడిపినవాడు, ఎముక ఎక్కడ విరిస్తే విరుగుతుందో తెలిసినవాడు.

కొత్తవాళ్ళను, ముఖ్యంగా కుర్రకారును, పిలిచి కూర్చోబెట్టడానికి ఒక స్వాగతాధికారిని పెట్టుకోవాలని ఆ ఏటి ఏడాది సభలో తీర్మానించారు. ఎవరు చేస్తారంటే అందరూ చెప్పులు చూసుకున్నారు. మా దగ్గర ఒక ఆచారం ఉంది. ఏడాది సభకు రాని మనిషికీ, మధ్యలో బయటికి వెళ్ళిన మనిషికీ పదవి అంటగడతారు. అందుకే మా సభల్లో ఎనభై ఏళ్ళవాళ్ళు కూడా మూత్రం బిగబట్టుకుని కూర్చుంటారు. సరిగ్గా అప్పుడే రేకుల మీద చినుకులు టపటపమన్నాయి. రెగ్ కూర్చోలేకపోయాడు. కారు మీద దుప్పటి కప్పడానికి పరిగెత్తాడు.

తిరిగొచ్చేసరికి స్వాగతాధికారి అయిపోయాడు.

"నేనా?" అన్నాడు.

"నీ నవ్వు ముఖం చూసి" అన్నాడు మాల్కం.

ఏ పనైనా నెత్తిన పడితే సరిగ్గా చేసే మనిషి రెగ్. స్వాగతం కూడా అలాగే చేశాడు. వసంతకాలం ప్రదర్శన రోజున గేటు దగ్గర మడత కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మెడలో "స్వాగతం" అని బిళ్ళ. చేతిలో అయస్కాంతం. కొత్తగా ఎవరు వచ్చినా ముందు కారు ఒంటికి అయస్కాంతం ఆనించి, రేకు ఎక్కడుందో, రేకు చిల్లులకు పూసిన లప్పం మేకప్పు ఎక్కడుందో చూస్తాడు. చక్రాలు మార్చారా, దీపాలు మార్చారా, రంగు అసలుదేనా అని అడుగుతాడు. పోలీసువాళ్ళు కూడా అంత అడగరు. పొద్దున్నుంచి ముగ్గురు వచ్చారు. ముగ్గురూ కాసేపు జవాబులు చెప్పి, పేస్టీలు కొనుక్కుని వెళ్ళిపోయారు.

నాలుగోది టీగన్. రౌవెట్ వాళ్ళ అమ్మాయి. రెగ్ పనిచేసిన గోదాముల్లోనే ఇప్పుడు బరువులెత్తే ఫోర్క్‌లిఫ్టు బండి తోలుతుంది. చెవికి అయిదు పోగులు, కాళ్ళకు ముందుభాగం ఇనుముండే పని బూట్లు. ఆమెది ఒక చిన్న ఎర్రటి జపాను కారు. నేలకు ఆనినంత కిందికి ఉంది. గేటు దగ్గరున్న గతుకు దాటడానికి అడ్డంగా, పీతలాగా వచ్చింది.

"గుడ్ డే రెగ్ తాతా" అంది అద్దం దించి. "మా నాన్న చెప్పాడు, నువ్వు కొత్తోళ్ళని చేర్చుకుంటున్నావని."

"ఏ సంవత్సరం ఇది?"

"తొంభై ఆరు."

"ఇంకా పాలు తాగుతోంది" అన్నాడు రెగ్. "ముప్పై నిండాక రా."

"అప్పటికి నువ్వుంటావా మరి?"

"నేనుంటాను. నీ కారే ఉండదు. ఆ పొగగొట్టం ఏంటది, వంటింటి చిమ్నీలాగా?"

"నేనే అతికించాను. బాగుందా?"

రెగ్ లేచి, వంగి, పొగగొట్టం కిందకు చూశాడు. అతుకును అటునుంచీ ఇటునుంచీ చూశాడు. అతుకు బాగుందని నాకు అంత దూరంనుంచే అర్థమైంది, ఎందుకంటే బాగోకపోతే అరగంట మాట్లాడేవాడు. నడుం పట్టుకుని లేచి, "చూడమ్మాయ్, ఇది పాతకార్ల క్లబ్బు. నీది పాలు తెచ్చుకునే బండి. అటు, ఆ మరుగుదొడ్ల వెనక, వంటవాళ్ళ కార్ల పక్కన పెట్టుకో" అన్నాడు.

నేనూ జాయిసూ పక్కనే పేస్టీల బల్ల దగ్గర ఉన్నాం. నేను జాయిస్ ముఖం చూశాను. జాయిస్ నా ముఖం చూసింది. అత్తా ఒకప్పటి కోడలే అంటారు గదా. ఆ ముక్కలు ఎక్కడివో మా ఇద్దరికీ తెలుసు. అన్నవాడికి మాత్రం గుర్తులేదు.

మరుగుదొడ్ల వెనక ఉన్న వంటవాళ్ళ కారు ఒక్కటే. జాయిస్ కరోలా.

కాసేపటికి జాయిస్ జాలిపడి, వేడి పేస్టీ ఒకటి కాగితంలో చుట్టి ఆ పిల్లకు ఇవ్వడానికి వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను. టీగన్ తన కారు దగ్గర లేదు. కరోలా ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉంది.

"ఎవరిదిది?" అంది, ఏదో గుళ్ళో ఉన్నట్టు గొంతు తగ్గించి.

"నాదే. ఎందుకూ, తగిలించావా?" అంది జాయిస్.

"ఆంటీ, చక్రాల మూతలు నాలుగూ అసలువే ఉన్నాయి. లోపల క్యాసెట్ కూడా ఉంది. ఇదెప్పుడు కొన్నావ్?"

"మా ఆయన కొన్నాడు. ఆయన కారులో కూరగాయలు పెట్టకూడదని."

"బానెట్ తియ్యనా?"

"తియ్యి. నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు" అంది జాయిస్.

టీగన్ బానెట్ ఎత్తి, లోపలి గోడకు కొట్టిన రేకును బొటనవేలుతో తుడిచి చదివింది. తొంభై మూడు, మార్చి. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. మళ్ళీ లెక్కపెట్టింది. "దీనికి ముప్పై దాటాయి ఆంటీ" అంది. "ఇది పాతకారు."

జాయిస్ పేస్టీ ఆ పిల్ల చేతిలో పెట్టి చాలాసేపు తన కారును చూసింది. ఇన్నేళ్ళు అదే కారులో కూర్చుని, పాతకార్లకు పేస్టీలు మోసింది. అది కూడా మెల్లిగా పాతబడుతోందని మాకెవరికీ తట్టలేదు. రెగ్ లెక్కలో ముప్పై ఏళ్ళ కిందట అంటే ఎప్పుడూ అరవై నాలుగే. ఆయన గడియారం అక్కడే ఆగింది, మిగతావన్నీ నడుస్తున్నాయి.

టీగన్ ఫొటో తీసి స్నేహితులకు పంపింది. పెట్రోలు బంకు దగ్గర ఊరికే కూర్చునే మంద అది. పావుగంటలో అందరూ దిగారు. మైదానంలో వరసగా నిలబెట్టిన కార్లన్నీ దాటుకుని, రెగ్ హోల్డెన్ కూడా దాటుకుని, తిన్నగా మరుగుదొడ్ల వెనక్కి వెళ్ళారు. అందరూ వంగి కిందికి చూస్తున్నారు. గేటు దగ్గర్నుంచి రెగ్ అది చూశాడు. అంతమంది చుట్టూ చేరి నేలకేసి చూస్తున్నారంటే మా వైపు ఒకటే అర్థం. షెడ్డులోంచి పార తీసుకుని పరుగెత్తుకొచ్చాడు.

"కదలకండి. ఎక్కడుంది పాము?" అన్నాడు.

"పాము లేదు తాతా, కరోలా" అన్నాడు ఒక కుర్రాడు.

రెగ్ పార దించాడు. కారును చూశాడు, బానెట్ చూశాడు, బానెట్ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ పెళ్ళాన్ని చూశాడు.

"ఏం చెడిపోయింది?" అన్నాడు.

"ఏమీ చెడిపోలేదు" అంది జాయిస్. "నేను సభ్యురాలిగా చేరుతున్నాను. నువ్వేగా స్వాగతాధికారివి, ఆ అయస్కాంతం ఇలా పట్రా."

పిల్లలు నవ్వారు. రెగ్ నవ్వలేదు. అయినా పని పనే. అయస్కాంతం తీసి నాలుగు తలుపులకూ ఆనించాడు. నాలుగు చోట్లా టక్కున అతుక్కుంది.

"రంగు అసలుదేనా?" అన్నాడు, అలవాటు కొద్దీ.

"నీకు తెలీదూ?"

"నియమం ప్రకారం అడగాలి."

"అసలుదే. నా జుట్టుది కాదు, కారుది."

"నూనె ఎప్పుడెప్పుడు మార్చారు?"

"మార్చేది నువ్వే కదయ్యా. ప్రతి ఆరునెల్లకీ, తిట్టుకుంటూ."

రెగ్ అయస్కాంతం జేబులో వేసుకున్నాడు. తను ద్వేషించిన కారును తనే ఇన్నేళ్ళూ బంగారంలా చూసుకున్నాడని అప్పుడు తెలిసింది పాపం. ఆ రోజు సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు జాయిస్ ముందు వెళ్ళింది.

ఏడాది సభ దగ్గరపడింది. జాయిస్ చేరినా ఇరవై కాలేదు. టీగన్ మందలో ఒకడి కారుకు తప్ప మరెవరి కారుకూ ముప్పై నిండలేదు. సభనాడు జాయిస్ లేచి ఒక తీర్మానం పెట్టింది. ముప్పై నిండని కార్లవాళ్ళనీ చేర్చుకోవాలి, వాళ్ళ కార్లు ఎదిగేదాకా ఎదుగుతున్న సభ్యులని పిలవాలి అని.

రెగ్ లేచాడు. "నియమం నియమమే. ఇవాళ దీన్ని ఒప్పుకుంటే రేపు ఏ తలుపు పీకిన బండైనా తెస్తారు."

"సరే రెగ్" అన్నాడు మాల్కం. "నీ మాట గెలిస్తే రేప్పొద్దున బ్రాండర్‌వాళ్ళకి ఫోన్ చేస్తాను. పెద్ద గేటు వాళ్ళది. నీ కారు పడుతుంది."

రెగ్ నోరు తెరిచాడు. ఏదో అనబోయాడు. అప్పుడే రేకుల మీద చినుకు పడింది.

షెడ్డులో అందరం రెగ్ వైపు చూస్తున్నాం. బయటికి వెళ్తే తీర్మానానికి అడ్డుపడేవాడు ఉండడు. కూర్చుంటే కారు తడుస్తుంది. టపటప ఎక్కువైంది. ఆయన పిడికిళ్ళు బిగించాడు, కళ్ళు మూసుకున్నాడు, ఒక పెద్ద ఊపిరి తీశాడు. ఆ తరవాత తలుపు చప్పుడు వినపడింది.

నేను కిటికీ దగ్గర కూర్చున్నాను, అంతా కనపడింది. హోల్డెన్ మీద అప్పటికే దుప్పటి ఉంది. ఓటు లేదు కాబట్టి బయటే నిలబడ్డ టీగనూ ఇంకో ఇద్దరూ నాలుగు మూలలా పట్టుకుని కప్పుతున్నారు, తడిసి ముద్దవుతూ. కానీ తిరగేసి కప్పారు. లోపలుండాల్సిన మెత్తటి వైపు ఆకాశానికేసి ఉంది. గరుకు వైపు రంగు మీద. పాతకారు ఉన్నవాడెవడూ ఆ తప్పు చెయ్యడు. లేనివాడే చేస్తాడు.

రెగ్ వానలో ఆగిపోయాడు. తిడతాడనుకున్నాను, తిట్టాడు కూడా.

"అది తిరగేశారు. గరుకు వైపు రంగు గీసేస్తుంది, మట్టి బుర్రల్లారా. లాగకండి. లాగితే ఇంకా గీసుకుంటుంది. ఎత్తండి. కప్పు మధ్యలోంచి ఎత్తాలి. నీ బెల్టు బిళ్ళ దూరంగా పెట్టు, నువ్వు, పొడుగోడా."

"మరి చూపించు తాతా" అంది టీగన్.

చూపించాడు. ఎలా ఎత్తాలో, ఎలా మూడు మడతలు వెయ్యాలో, అద్దాల చెవులు ముందు ఎలా దూర్చాలో. అయిపోయాక మళ్ళీ విప్పించి, మళ్ళీ కప్పించాడు. వాన ఎప్పుడో ఆగిపోయింది. వాళ్ళు మాత్రం కప్పుతూనే ఉన్నారు. టీగన్ చేతులు కారు మీద ఆనాయి. రెగ్ చూసి, దుప్పటి ఇంకో మూల అందించాడు.

లోపలికి వచ్చేసరికి తీర్మానం నెగ్గి టీ నీళ్ళు మరుగుతున్నాయి.

"ఎంతమంది అయ్యాం?" అన్నాడు, జుట్టు పిండుకుంటూ.

"ఇరవై మూడు. ఆ బతికున్నారో లేదో తెలియని ఇద్దర్నీ తీసేసి" అన్నాడు మాల్కం. "అన్నట్టు, ఈ ఏడాదికి కూడా స్వాగతాధికారివి నువ్వే."

"నేను బయట ఉన్నాను."

"అదే కదా మరి."

ఆ తరవాత వచ్చిన ప్రదర్శనకు జాయిస్ ఒక కొత్త షరతు పెట్టింది. తన కారు ఇప్పుడు ప్రదర్శన కారు గనక, అందులో కుర్చీలూ గొడుగులూ పెట్టడానికి వీల్లేదంది. ఉల్లిపాయ వాసన పడితే వదలదంది. దాంతో పేస్టీల బుట్టలు, ఐసు పెట్టె, అన్నీ హోల్డెన్ వెనక సీట్లోకి ఎక్కాయి. దుప్పటి పరిచే ఎక్కించాడులెండి. పెళ్ళినాటి దుప్పటేనా అని అడిగితే జాయిస్ చెప్పలేదు.

మైదానంలో రెండు కార్లూ పక్కపక్కన పెట్టారు. కరోలా చుట్టూ కుర్రకారు మూగింది. దాని అద్దం మీద జాయిస్ ఒక అట్ట పెట్టింది. "తలుపు తీసే ఉంది. కూర్చోండి." అని. వచ్చినవాళ్ళు కూర్చుంటున్నారు, క్యాసెట్ వేసి వింటున్నారు, పక్కనున్న హోల్డెన్‌ను చూసి ఇదీ ఈ ఆంటీదేనా అని అడుగుతున్నారు.

మధ్యాహ్నందాకా రెగ్ ఓర్చుకున్నాడు. తరవాత టీగన్‌ను పిలిచాడు. ఆమె ఎదుగుతున్న సభ్యురాలి బిళ్ళ పెట్టుకుని గేటు దగ్గర అయస్కాంతం పట్టుకుని కూర్చుంది, ఆ పని ఆయనే అప్పగించాడు.

"లోపల కూర్చుని చూస్తావా?" అన్నాడు, ఎటో చూస్తూ.

"దీన్లోనా? నిజంగానా?"

"బూట్లు విప్పు ముందు."

ఆ పిల్ల ఆ బరువు బూట్లు గడ్డిలో విప్పి, మేజోళ్ళు కూడా విప్పి, పాదాలు ప్యాంటుకు తుడుచుకుని ఎక్కింది. స్టీరింగ్ వెనక, వట్టి కాళ్ళతో, ఊపిరి కూడా తీసుకోకుండా కూర్చుంది. రెగ్ అటూ ఇటూ చూసి, అద్దం మీది అట్ట తీసి జేబులో మడిచి పెట్టుకున్నాడు.

"కిటికీ అద్దం మాత్రం దించకు. ఆ పిడి సున్నితం" అన్నాడు.

"దించేశాను తాతా" అంది టీగన్ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి. "వెనకంతా ఉల్లిపాయ వాసన."